పాత బండి చట్రం బాగు చేయుట

ఎడ్లబండి పాతబడితే అందరూ ముందు చక్రాలను చూస్తారు. చూడవలసింది చట్రాన్ని. చట్రం అంటే రెండు పొడుగాటి నొగలు, వాటిని కలిపే అడ్డకట్టెలు, కింద ఇరుసు. నొగలు వెనక ఎడంగా ఉండి ముందుకు పోయేకొద్దీ దగ్గరకు వచ్చి కాడి దగ్గర కలుస్తాయి. మీద తొట్టి, గూడు ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. చట్రం వంకరపోతే మాత్రం ఆ బాధ ఎద్దు మెడ మీదికి వస్తుంది.

మా ఇంట్లో అట్లనే అయింది. మా బండి మా తాదో, అంటే తాత, చేయించినది. పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతరకు దాంట్లోనే పోతాం. అక్కడ ఉన్నన్ని రోజులు బండే మా ఇల్లు. పోయిన ఏడాది కుడిపక్క ఎద్దుకు మెడ మీద పుండు పడింది. మా కాకా "ఈ ఎద్దు మంచిది కాదు, అంగడిలో అమ్మేద్దాం" అన్నాడు. తాదో ఒప్పుకోలేదు, వడ్లాయనను పిలిపించాడు. ఆయన ఎద్దు దిక్కు చూడనే లేదు. ఒక తాడు ఇమ్మన్నాడు.

తాడు ఒక కొసను నొగలు కలిసే చోట పట్టుకోవాలి. రెండో కొసను ఇరుసు ఎడమ చివరకు లాగి ముడి వేయాలి. అదే తాడును కుడి చివరకు లాగితే ముడి సరిగ్గా అక్కడికే రావాలి. మేము తొమ్మిదిలో చదివే సమద్విబాహు త్రిభుజం ఇదే. వడ్లాయన బడికి పోలేదు కాని ఆయనకు ఇది వచ్చు. మా బండికి నాలుగు వేళ్ల తేడా వచ్చింది. అంటే ఇరుసు వంకరగా ఉంది. అప్పుడు బండి ఎప్పుడూ ఒక పక్కకే లాగుతుంది. ఆ పక్క ఎద్దు దాన్ని ఆపుకుంటూ నడవాలి, కాడి మెడను రాస్తూనే ఉంటుంది. తప్పు ఎద్దుది కాదు.

ఇరుసు ఎందుకు జరిగిందో తెలియాలంటే బండి విప్పాలి. విప్పేముందు ప్రతి కట్టెకు కత్తితో గాటు పెట్టాడు. ఎడమవాటికి ఒకటి, కుడివాటికి రెండు. తర్వాత సుత్తితో కొట్టి విన్నాడు. మంచి కట్టె ఠంగుమంటుంది, పుచ్చినది బొద్దుగా మోగుతుంది. అడ్డకట్టె దూరే బెజ్జాలలో వాన నీళ్లు నిలుస్తాయి, పుచ్చు అక్కడే మొదలవుతుంది. మీద రంగు బాగానే కనిపిస్తుంది కాబట్టి కింది నుంచి మేకుతో గుచ్చి చూడాలి. మా కుడి నొగలో ఇరుసు దగ్గర మేకు సగం దాకా దిగిపోయింది.

కొస దగ్గర పుచ్చితే ఏటవాలుగా కోసి అతుకు వేయవచ్చు. ఇరుసు మీద అతుకు పనికిరాదు. బరువుకు నొగ ఎక్కువ వంగేది అక్కడే. అందుకని నొగ మొత్తం మార్చాలి. చిరుమాను కట్టె దీనికి చాలా మంచిది. ఇంగ్లీషులో ఆ చెట్టును ఆక్సిల్‌వుడ్ అంటారట, అంటే ఇరుసు కట్టె. అయితే అడవిలో ఇష్టమొచ్చినట్టు చెట్టు కొట్టకూడదు. పచ్చి కట్టె ఎండితే వంకరపోతుంది కూడా. పక్క ఊరిలో మూలకు పడిన బండి నొగ ఒకటి కొన్నాం. ఏళ్ల తరబడి ఎండినది, ఇంక వంగదు. మా పాత నొగలో మంచి ముక్కను కూడా పారేయలేదు, రెండు అడ్డకట్టెలు అయ్యాయి.

కీళ్లకు ఇనుప మేకులు కొట్టనివ్వలేదు. మేకు తుప్పు పడుతుంది, కట్టెను చీలుస్తుంది. బండి రాళ్ల మీద పోతే కీలు కొంచెం కదలాలి. కట్టె చీల అయితే వానకు ఉబ్బి బిగుసుకుంటుంది.

చివరికి మళ్లీ తాడు పట్టి కొలవాలి. ఖాళీ బండి ముందు కొసను చేత్తో ఎత్తి వదిలితే మెల్లగా దిగాలి. దబ్బున పడితే బరువు మెడ మీద ఎక్కువ ఉన్నట్టు. పైకి లేస్తే వెనక బరువు ఎక్కువ, అప్పుడు మెడ కిందున్న పట్టెడ ఎద్దు గొంతును పట్టేస్తుంది.

పుండు మానేదాకా ఎద్దును కాడికి కట్టలేదు. జాతరకు అదే ఎద్దుతో పోయాం. చక్రాలకు ఇనుప పట్టా ఎక్కించేది వేరే పని, దానికి పిడకల మంట కావాలి. అది వచ్చే నెల రాస్తాను.