ఊళ్లో స్టూడియో పెట్టాలనుకునే తమ్ముళ్లకు: కెమెరా కంటే ముందు లెన్సు సంగతి

గల్ఫ్‌లో నాలుగు రాళ్లు వెనకేసుకుని ఊరికి వెళ్లాక ఏం చేయాలి? ఈ మాట నడవని గది మన క్యాంపుల్లో ఉండదు. ఒకరు ఆటో అంటారు, ఒకరు కిరాణా కొట్టు అంటారు, ఇంకొకరు బోరు వేయించి వరి పెడతానంటారు. కుర్రాళ్లలో చాలామంది చెప్పేది ఫొటో స్టూడియో. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు ఏ ఊళ్లోనైనా ఉండేవే కాబట్టి పనికి కొదవ ఉండదని వాళ్ల ధీమా. ఆలోచన మంచిదే. అయితే అందరూ అడిగేది "ఏ కెమెరా కొనాలి?" అని. "ఏ లెన్సు కొనాలి?" అనేవాళ్లు తక్కువ. డబ్బు వృథా అయ్యేదీ, డబ్బు సంపాదించి పెట్టేదీ ఎక్కువగా లెన్సు దగ్గరే. అందుకే ఈ వారం దాని గురించి రాస్తున్నాం.

ఫుల్‌ఫ్రేమ్, మిర్రర్‌లెస్ అంటే ఏమిటి?

పాత రీలు కెమెరాలో ఒక్కో ఫొటో పడే చోటు 36 మి.మీ. వెడల్పు, 24 మి.మీ. ఎత్తు. డిజిటల్ కెమెరాలో సెన్సర్ కూడా అంతే కొలతలో ఉంటే దాన్ని ఫుల్‌ఫ్రేమ్ అంటారు. సెన్సర్ పెద్దదైతే తక్కువ వెలుతురులో కూడా ఫొటో శుభ్రంగా వస్తుంది. ఇదివరకటి పెద్ద కెమెరాల్లో లెన్సు వెనక ఒక అద్దం ఉండేది. అది లేనిదే మిర్రర్‌లెస్. ఫుల్‌ఫ్రేమ్‌లో సోనీ 2013లో ఏ7తో ఈ దారి పట్టింది. నికాన్, కెనాన్ 2018లో వచ్చాయి.

ఒక కంపెనీ మౌంటుకు చేసిన లెన్సు ఇంకో కంపెనీ బాడీకి నేరుగా పట్టదు. కాబట్టి లెన్సు ఎంచుకున్నారంటే కెమెరా కంపెనీని కూడా ఎంచుకున్నట్టే. పైగా బాడీలు తొందరగా పాతబడతాయి, కొత్త మోడళ్లు వస్తూనే ఉంటాయి. మంచి లెన్సు మాత్రం బాడీ మార్చినా పనికొస్తుంది.

24, 70, 105 అంకెల లెక్క

లెన్సు మీద 24-70, 24-105 అని రాసి ఉంటుంది. చిన్న అంకె దగ్గర ఎక్కువ చోటు కనిపిస్తుంది, పెద్ద అంకె దగ్గర దూరంగా ఉన్నది దగ్గరికి వస్తుంది. 50 మి.మీ.ని మామూలు చూపుకు దగ్గరగా లెక్కిస్తారు. దానికి అటూ ఇటూ తిరిగే జూమ్‌ను స్టాండర్డ్ జూమ్ అంటారు.

మండపానికి 3 మీటర్ల దూరంలో నిలబడ్డారనుకోండి. ఫుల్‌ఫ్రేమ్‌లో 24 మి.మీ. దగ్గర సుమారు నాలుగున్నర మీటర్ల వెడల్పు ఫ్రేములోకి వస్తుంది. పెళ్లికొడుకు, పెళ్లికూతురు, అటు తల్లిదండ్రులు, ఇటు పురోహితుడు, అందరూ పడతారు. 28 మి.మీ. దగ్గర అది 3 మీటర్ల 85 సెంటీమీటర్లకు తగ్గుతుంది. చివర నిలబడ్డ మేనమామ తెగిపోవచ్చు. అదే చోటు నుంచి 70 దగ్గర ఒకటిన్నర మీటరు, 105 దగ్గర ఒక మీటరు మాత్రమే. అంటే పెళ్లికూతురి ముఖం, జీలకర్ర బెల్లం పెట్టే చెయ్యి.

మన పెళ్లిళ్లలో ఫొటోగ్రాఫర్‌కు కదలడానికి చోటుండదు. వెనక చుట్టాలు, పక్కన వీడియో తీసేవాళ్లు, కాళ్ల కింద వైర్లు. తాళి కట్టేది ఒక్కసారే. లెన్సు మార్చుకుంటాను, కాసేపు ఆగండంటే పురోహితుడు ఆగడు, ముహూర్తమూ ఆగదు. మార్చినా ఇంకో చిక్కుంది. అద్దం లేని కెమెరాలో లెన్సు తీయగానే చాలా మోడళ్లలో సెన్సర్ బయటపడుతుంది. హోమం పొగ, తలంబ్రాల పసుపు, మైదానంలో దుమ్ము నేరుగా దాని మీద పడతాయి. అందుకే మొదటిసారి కొనేవాళ్లు ఒకే లెన్సుతో ముహూర్తం నుంచి అప్పగింతల దాకా లాగించగలగాలి.

ఎఫ్/2.8 కావాలా, ఎఫ్/4 చాలా?

ఎఫ్ పక్కన అంకె ఎంత తక్కువైతే లెన్సులోకి అంత ఎక్కువ వెలుతురు వస్తుంది. ఎఫ్/4తో పోలిస్తే ఎఫ్/2.8లో రెట్టింపు వస్తుంది. కెమెరాతో పాటు ఇచ్చే చవక లెన్సుల మీద 3.5-5.6 అని ఉంటుంది. జూమ్ చేసేకొద్దీ వెలుతురు తగ్గిపోతుందని దాని అర్థం. నేర్చుకోవడానికి అది చాలు. పెళ్లి పనికి మాత్రం జూమ్ అంతటా ఒకే అంకె ఉండే లెన్సు మేలు.

మార్కెట్లో రెండు దారులున్నాయి. ఒకటి ఎఫ్/2.8 దారి. సోనీ 24-70 జీఎం 2016లో వచ్చింది, బరువు 886 గ్రాములు. 2022లో వచ్చిన రెండో రకం 695 గ్రాములు. ఇవి బాగా ఖరీదు. సోనీ మౌంటుకే టామ్రాన్ 2018లో తెచ్చిన 28-75 ఎఫ్/2.8 బరువు 550 గ్రాములే, ధర కూడా తక్కువ. కానీ అది 24 నుంచి కాదు, 28 నుంచి మొదలవుతుంది.

రెండోది ఎఫ్/4 దారి. సోనీ 24-105 (2017) 663 గ్రాములు, కెనాన్ ఆర్‌ఎఫ్ 24-105 (2018) 700 గ్రాములు, నికాన్ జడ్ 24-120 (2021) 630 గ్రాములు. సోనీ, కెనాన్ లెన్సుల్లో చెయ్యి వణుకును సరిచేసే ఏర్పాటు ఉంది. నికాన్ లెన్సులో అది లేదు, బాడీలో ఉండేది తీసుకోవాలి. అయితే ఈ ఏర్పాటు మీ చెయ్యి వణుకును ఆపుతుందే తప్ప, బారాత్‌లో గంతులేసే కుర్రాళ్లను ఆపదు. వాళ్లకు షట్టర్ వేగం పెంచాలి, అంటే వెలుతురు కావాలి.

మా సలహా ఇది. ఒక్క లెన్సే కొనగలిగినవాళ్లు 24-105 ఎఫ్/4 లాంటిది తీసుకోండి. తక్కువ పడే వెలుతురును ఒక ఫ్లాష్‌తో నింపుకోవచ్చు. ఫ్రేములో పట్టని మనిషిని మాత్రం ఏ ఫ్లాషూ లోపలికి తేలేదు. సోనీ 24-105 దగ్గరి వస్తువులకూ పనికొస్తుంది. 38 సెంటీమీటర్ల దూరం నుంచి ఫోకస్ అవుతుంది, సుమారు 12 సెంటీమీటర్ల వెడల్పున్న వస్తువు ఫ్రేము నిండా వస్తుంది. తాళిబొట్టుకు, గోరింటాకు చేతికి వేరే లెన్సు వెతుక్కోనక్కర్లేదు.

మీ కష్టంతో లెక్క వేసుకోండి

సోనీ 24-105 వచ్చినప్పుడు అమెరికాలో ధర దాదాపు 1,300 డాలర్లు, అంటే 4,700 దిర్హాముల పైమాట. తర్వాత ధరలు మారాయి, సెకండ్ హ్యాండ్ తక్కువకే దొరుకుతుంది. కానీ ఈ లెక్క చూడండి. యూఏఈ చట్టం ప్రకారం మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ జీతం గ్రాట్యుటీగా వస్తుంది. 800 దిర్హాముల బేసిక్ ఉన్న తమ్ముడికి ఐదేళ్లకు 105 రోజులు, అంటే 2,800 దిర్హాములు. ఆ డబ్బంతా పోసినా ఆనాటి ధరకు కొత్త లెన్సు ఒక్కటి కూడా రాదు. బాడీ, రెండు బ్యాటరీలు, రెండు కార్డులు, ఫ్లాష్ ఇంకా మిగిలే ఉంటాయి.

అందుకని వడ్డీకి తెచ్చి కొనకండి. ఈసారి సెలవుకు వెళ్లినప్పుడు తెలిసిన స్టూడియో అన్న వెంట నాలుగైదు పెళ్లిళ్లకు లైటు పట్టుకోవడానికైనా వెళ్లండి. రాత్రంతా కెమెరా మోయడం, ఆల్బమ్ డబ్బుల కోసం తిరగడం మీకు సరిపడతాయో లేదో తెలుస్తుంది. ఆ తర్వాతే జేబులో చెయ్యి పెట్టండి.

షాపులో చూసుకోవాల్సినవి

లెన్సు మీది సీరియల్ నంబరు, పెట్టె మీది నంబరు, వారంటీ కార్డులోది ఒకటే ఉండాలి. బిల్లులో కూడా ఆ నంబరు రాయించుకోండి. వారంటీ ఇండియాలో చెల్లుతుందా అని అడగండి, చెల్లుతుందంటే కాగితం మీద రాసివ్వమనండి.

పాతది కొంటే ఫోన్ టార్చి వేసి అద్దాల లోపల చూడండి. సాలెగూడు లాంటి గీతలు కనిపిస్తే అది బూజు, వదిలేయండి. జూమ్ ఈ చివర నుంచి ఆ చివరకు పట్టేయకుండా తిరగాలి. ఒక పేపరు పేజీ గోడకు అంటించి, ఎదురుగా నిలబడి ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. నాలుగు మూలల్లో అక్షరాలు ఒకేలా చదవగలిగితే మంచిదే.

ఇంటికి తీసుకెళ్లేటప్పుడు బిల్లు చేతి సంచిలోనే ఉంచుకోండి. 2016 బ్యాగేజ్ నియమాల్లో సుంకం లేని పరిమితి 50,000 రూపాయలుగా ఉండేది. ఈ పరిమితి మారుతుంటుంది గనుక టికెట్ తీసేటప్పుడే తెలుసుకోండి.

ఇక్కడ ప్రాక్టీసు చేసేవాళ్లకు హెచ్చరిక

యూఏఈలో 2022 జనవరి 2 నుంచి అమల్లో ఉన్న సైబర్ నేరాల చట్టం ప్రకారం, ఎదుటివారి ఏకాంతానికి భంగం కలిగేలా అనుమతి లేకుండా ఫొటో తీసినా, పంచినా 6 నెలలకు తగ్గని జైలు, లక్షా 50 వేల నుంచి 5 లక్షల దిర్హాముల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. కాబట్టి ఒప్పుకున్న గది మిత్రులనే తీయండి. ఆడవాళ్ల వైపు, ప్రభుత్వ భవనాల వైపు, ఎయిర్‌పోర్టు వైపు కెమెరా తిప్పకండి. కంపెనీ వీసా మీద ఉండి, పర్మిట్ లేకుండా బయట డబ్బుకు ఫొటోలు తీయడమూ తప్పే.

ఏసీ గదిలో చల్లబడ్డ లెన్సును ఎండాకాలపు ఉక్కలోకి తేగానే అద్దం మీద నీళ్లు పడతాయి. సంచి జిప్పు తీయకుండా ఓ అరగంట బయట ఉంచి, తర్వాత తీయండి. దాచేటప్పుడు మూత గట్టిగా ఉన్న డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. గోదావరి జిల్లాల తేమకూ ఇదే మందు.

బిల్లులు, వారంటీ కార్డులు చదవడం ఆఫీసుల్లో గుమాస్తా పని చేసే మాకు రోజూ ఉండే పనే. ఇంగ్లీషు కాగితం అర్థం కాక సంతకం చేయడానికి వెనకాడుతుంటే, డబ్బు కట్టే ముందు మీ కంపెనీ ఆఫీసులో మాలాంటి తెలుగువాళ్లకు ఎవరికైనా చూపించండి. ఒక్క రోజు ఆలస్యమైనా నష్టం లేదు, షాపు ఎక్కడికీ పోదు.