సహాపరాధి సాక్ష్యము – రైతు చేతి రసీదు

సొమ్ము విషయమైన మోసములు నలుగురి యెదుట జరుగునవి కావు. దొంగలెక్క వ్రాసినవాడును, దానిపై సంతకము చేసినవాడును, సొమ్ము పంచుకొన్నవాడును మాత్రమే యా రహస్యము నెరుగుదురు. కావున వారిలో నొకడు నోరు విప్పిననే గాని నిజము వెలికిరాని సందర్భము లనేకములు. అయితే నేరమున పాలుగొన్నవాని మాటను, అనగా సహాపరాధి సాక్ష్యమును, న్యాయస్థానము ఎంతవరకు నమ్మవచ్చును? ఈ ప్రశ్న వకీళ్లకు మాత్రమే చెందినది కాదు. సహకార సంఘములో వాటా ధనమును, అప్పు ఖాతాయు గల ప్రతి రైతునకును చెందినది.

మన బోధనునందే యిట్టి చిక్కునకు దృష్టాంతము కలదు. 2017వ సంవత్సరమున అచ్చటి వాణిజ్య పన్నుల కార్యాలయమునకు సంబంధించిన నకిలీ చలానుల వ్యవహారము బయల్పడెను. ఖజానాకు చేరని పన్నును చేరినట్లు చూపిరని ఆరోపణ వచ్చెను. కేసు సి.ఐ.డి. వారికి అప్పగింపబడెను. ఇట్టి వ్యవహారములలో చలానును బ్యాంకు లెక్కతో సరిచూచినచో నకిలీ యని తేలును. కాని నకిలీ యని తేలుట వేరు. అది ఫలానావాని చేతిపని యని తేలుట వేరు. ఆ రెండవ పనికే సహాపరాధి మాట తరచుగా అక్కరపడును.

ఇందులకై చట్టము క్షమాదాన పద్ధతి నేర్పరచినది. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 343వ సెక్షను ప్రకారము, పెద్ద నేరములందు, తానెరిగిన దంతయు దాచక చెప్పవలె ననెడి షరతుపై సహాపరాధికి మేజిస్ట్రేటు క్షమ నీయవచ్చును. అట్టివానినే అప్రూవరు అందురు. షరతు తప్పినచో అతడు మరల ముద్దాయి కాగలడు.

అతని మాటకు బలము కావలె ననుటకు కారణము స్పష్టము. అతడు తన మెడ తప్పించుకొనుటకు ఇతరుల మెడకు ఉరి తగిలింపవచ్చును. జరిగిన కథ యంతయు నెరిగినవాడగుటచే, దోషి పేరు తీసి నిర్దోషి పేరు చేర్చినను కథ అతుకుబడకుండ నడచును. 1872 నాటి సాక్ష్యచట్టము, సహాపరాధి మాట నొక్కదానినే నమ్మి శిక్షించుట చట్టవిరుద్ధము కాదనియు, ముఖ్యాంశములలో బలము లేనిచో అతడు నమ్మదగడని భావింపవచ్చు ననియు రెండు విధముల చెప్పెను. ఇపుడు అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమము 138వ సెక్షనులో "బలపరుపబడిన" సాక్ష్యమనియే చేర్చబడినది.

ఆ బల మెట్టిదై యుండవలెను? రామేశ్వర్ కేసులో 1951లో సుప్రీంకోర్టు దారి చూపినది. ప్రతి చిన్న సంగతికిని వేరు సాక్ష్య మక్కరలేదు. కాని నేరము జరిగెననుటయే గాక, ఈ ముద్దాయికి దానితో సంబంధము కలదని చూపునది కావలెను. అది స్వతంత్రమైన చోటనుండి రావలెను. ఒక సహాపరాధికి మరియొక సహాపరాధి దన్ను చాలదని 1949లో భుబోనీ సాహు కేసునందు ప్రీవీ కౌన్సిలు చెప్పెను. ముందుగా అప్రూవరు స్వయముగా నమ్మదగినవాడై యుండవలెననియు, పిదప తగిన బలము కావలెననియు 1957లో సర్వన్ సింగ్ కేసులో తీర్పు వచ్చెను.

ఒక ఉదాహరణము ఊహింతము. అప్పు తీసికొనని రైతుల పేర అప్పులు వ్రాసి, తానును కార్యదర్శియు పంచుకొంటిమని సంఘపు గుమాస్తా చెప్పెననుకొందము. రైతులు వచ్చి "మేము అప్పు తీసికొనలేదు" అనినచో మోసము రుజువగును గాని కార్యదర్శి పాత్ర రుజువు కాదు. రెండవ గుమాస్తా అదే మాట చెప్పినను, అతడును పాలుగొన్నవాడైనచో చాలదు. ఓచరుపై కార్యదర్శి దస్తూరి, నగదు తీసికొన్న దతడేయని బ్యాంకు ఉద్యోగి సాక్ష్యము, ఆ నాడే అతని సొంత ఖాతాలో పడిన సొమ్ము – ఇవియే నిజమైన బలము. ఇవి లేనిచో దోషి తప్పించుకొనును. ఇవి అక్కరలేదన్నచో పగచే ఇరికింపబడిన నిర్దోషి చెరసాల పాలగును.

కావున రైతు సోదరులు కట్టిన ప్రతి వాయిదాకును తేదీగల రసీదు తీసికొని భద్రపరుపవలెను. చెరకు తూకపు చీటీని, ఎరువుల బిల్లును పారవేయరాదు. తెల్లకాగితముపై వ్రేలిముద్ర వేయరాదు. ప్రతి పంటకాలమునందును పాసుపుస్తకమును సంఘపు ఖాతాతో సరిచూచుకొని, తేడా కనబడిననాడే వ్రాతమూలముగా ఫిర్యాదు చేసి, దాని నకలు దగ్గర నుంచుకొనవలెను. సహాపరాధి నేడొక మాట, రేపొక మాట చెప్పవచ్చును. మీ పెట్టెలోని రసీదు మాట మార్చదు.