వాల్వుల వెలుగులో వాద్యం

మా మొగుళ్లపల్లిలో ప్రొద్దు గూకి, పత్తిచేలమీదుగా వచ్చే గాలి చల్లబడే వేళకు, మా ఇంటి ముందుగదిలో ఒక చిన్న చెక్కపెట్టె వెనుక మూడు గాజుగొట్టాలు మెల్లమెల్లగా ఎర్రబారుతవి. కిటికీలో ఆ వెలుగు చూచి, దీపారాధన జరుగుతున్నదేమో అనుకొని, చెప్పులు వాకిటనే విడిచి వచ్చిన బంధువులు కూడ ఉన్నారు. అది దేవుని గూడు కాదు. గిటారు ధ్వనిని పెంచి వినిపించే వాల్వు ఆంప్లిఫైయరు. చేతితో చేసినది; మా ఊరిలోనే చేసినది. తెలుగు పాఠాలు చెప్పుకొనే వానికి ఈ వ్యసనం ఎందుకని అడిగిన మిత్రులకు ఇంతకాలం చిరునవ్వే సమాధానంగా ఇస్తూ వచ్చినాను. నేడు కొంత వివరంగా చెప్పవలెనని అనిపించినది. ఎందుకో చివరకు తెలియగలదు.

నా బాల్యంలో మా ఇంట ఒక పాత వాల్వు రేడియో ఉండేది. మా తండ్రిగారు బడిపంతులు. సాయంకాలం వార్తలకు రెండు నిమిషాల ముందే మీట త్రిప్పి, చేతులు కట్టుకొని ఎదుట కూర్చునేవారు. నేను తొందరపడితే, “వేడెక్కనీ” అనేవారు. మొదట ఆకుపచ్చని కన్ను వెలిగేది. తరువాత సన్నని రొద. ఆ తరువాతనే మనిషి గొంతు. వినడానికి కూడ కొంత నిరీక్షణ అవసరమని నాకు నేర్పిన మొదటి గురువు ఆ పెట్టెయే.

మన ప్రాంతంలో రేడియో నిన్న మొన్న వచ్చినది కాదు. నిజాం ప్రభుత్వం 1935లో హైదరాబాదు కేంద్రాన్ని తన చేతిలోనికి తీసికొని దక్కను రేడియోగా నడిపినది. 1950లో అది ఆకాశవాణిలో కలిసినది. ఆ కాలపు పెట్టెలన్నిటికీ ప్రాణం వాల్వే. 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరు పుట్టినది. తరువాతి రెండు మూడు దశాబ్దాలలో వాల్వు పెట్టెలు ఒక్కొక్కటే అటకలెక్కినవి. మాదీ ఎక్కినది. మేము దానిని మరచిపోయినాము.

వాల్వు అంటే ఏమో విద్యార్థుల కొరకు ఒక్క మాట చెప్పవలెను. గాలి తీసివేసిన గాజుగొట్టంలో ఒక లోహపు ముక్కను ఎర్రగా కాల్చితే దానినుండి ఎలక్ట్రానులు వెలువడుతవి. ఎదురుగా ఉన్న పలకకు ధన విద్యుత్తు ఇస్తే అవి అటు ప్రవహిస్తవి. 1904లో ఇంగ్లండులో ఫ్లెమింగ్ ఈ రెండింటితో మొదటి వాల్వును చేసినాడు. 1906లో అమెరికాలో లీ డి ఫారెస్టు ఆ రెంటికి నడుమ మూడవదిగా ఒక సన్నని తీగజాలిని నిలిపినాడు. మన చెరువు తూమును తలచుకొనుడు. కట్టమీద ఒక మనిషి చేతులతో తలుపును కొంచెం ఎత్తితే, కొంచెం దించితే, దిగువన కాలువ నిండా పారే నీరు హెచ్చుతుంది, తగ్గుతుంది. మనిషి బలం స్వల్పం. నీటి బలం అధికం. అయినను ఆ నీరు ఈ చేయి ఆడించినట్లు ఆడుతుంది. వాల్వులోని తీగజాలి అటువంటి తూము తలుపు. గిటారు తీగ కదలిక వలన పుట్టే విద్యుత్తు వోల్టులో పదవ వంతుకు అటూ ఇటూ మాత్రమే. ఆ స్వల్పశక్తి తలుపును ఆడిస్తే, 300 వోల్టుల వెనుక నిలిచియున్న ప్రవాహం అదే లయలో ఊగుతుంది. ఆంగ్లంలో వాల్వు అనే మాటకు అర్థం కూడ ప్రవాహాన్ని అదుపుచేసే తలుపు అనియే గదా!

పదమూడవ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలో నాదమనే మాటను విడదీస్తూ, నకారం ప్రాణవాయువనీ, దకారం అగ్ని అనీ, రెంటి కలయికయే నాదమనీ చెప్పినాడు. తరగతిలో ఈ మాట ఎన్నిసార్లు చెప్పినానో లెక్కలేదు. మా ముందుగదిలో ఈ దీపాలను చూచినప్పుడెల్ల అది జ్ఞాపకం వస్తుంది. చిత్రమేమనగా, ఈ గొట్టంలో అగ్ని ఉన్నది గాని వాయువు లేదు. గాలి చొరబడినదా, వాల్వు చచ్చినదే. వాయువు బయట వేచి ఉంటుంది. స్పీకరు కాగితం కదలినప్పుడు గదిలోని గాలి వణికి చెవిని చేరుతుంది. అగ్ని లోపల, వాయువు వెలుపల. రెండింటిని కలిపేది రాగితీగ.

ఇక గిటారు సంగతి. వరంగల్లులో చదువుకొనే రోజులలో గదిలోని మిత్రుడొకడు నాలుగు స్వరాలు నేర్పినాడు. అప్పటినుండి చేయి మానలేదు. పరదేశపు వాద్యం మనకెందుకు అనే వారికి ఒక్కటే చెప్పుతాను. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్, విద్యుత్ మాండలిన్‌కు ఐదు తీగలు కట్టి, కర్ణాటక సంగీతంలోని గమకాలను దానిచేత పలికించినాడు. 2014లో ఆయన కన్నుమూసే నాటికి అది పరాయి వాద్యమన్న మాట ఎవరి నోటా లేదు. తీగకు దేశం లేదు; దానిని మీటే వ్రేలికి ఉన్నది. అయితే విద్యుత్ వాద్యాలకు సొంత గొంతు తక్కువ. వీణకు కుండవలె ఆంప్లిఫైయరు వానికి ఉండితీరవలెను. గిటారు ఒక సగం, పెట్టె ఒక సగం.

నా పెట్టెను చేసినవారు మా ఊరి రేడియో మెకానిక్కు. వయస్సులో నాకంటె పెద్దవారు. నేను అన్నా అంటాను, వారు తమ్మీ అంటారు. రేడియోలు పోయి టీవీలు, టీవీలు పోయి సెల్‌ఫోన్లు వచ్చిన తరువాత వారి దుకాణంలో బావిమోటార్ల స్టార్టర్లు తప్ప మరేమీ మిగులలేదు. ఒకనాడు మా అటకమీది రేడియోను తీసుకొనిపోయి, “అన్నా, దీనిని పలికించగలవా?” అని అడిగినాను. ఆయన మూత తీసి చాలాసేపు చూచి, “తమ్మీ, గిది పలుకుడు కష్టం. పలికినా పట్టుకునే స్టేషను లేదు. దీన్ల సామానుతోని నీ గిటారుకు పెట్టె చేసిస్త” అన్నారు.

ఆయన ఎన్నుకొన్న పటం 1950లలో అమెరికాలో ఫెండర్ సంస్థ చేసిన చాంప్ అనే చిన్న ఆంప్లిఫైయరుది. 12ఏఎక్స్7 అనే వాల్వు మొదట స్వరాన్ని పెంచుతుంది. 6వి6 దానికి బలమిస్తుంది. 5వై3 ఇంటి కరెంటును ఏకముఖంగా మార్చుతుంది. అంతే. సుమారు 5 వాట్లు. ఈ పటానికి కర్త లియో ఫెండర్ 1938లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ పట్టణంలో రేడియోలు బాగుచేసే దుకాణం పెట్టుకొన్న మెకానిక్కు. గిటారు వాయించడం ఆయనకు రాదు! ఈ సంగతి చెప్పినప్పుడు మా అన్న ముఖం వెలిగిన తీరు నేను మరువలేను. “నాకూ రాదు గద తమ్మీ” అన్నారు.

రేడియోలో పనికివచ్చినవి కొన్నియే. మిగిలినవి కూడబెట్టడానికి నాలుగు నెలలు పట్టినది. 1954లో స్థాపితమైన బెంగుళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ 1960లలో మన రేడియోలకు వాల్వులు చేసినది. ఆ తయారీ చాలాకాలం క్రిందటనే ఆగినది. నేడు క్రొత్త వాల్వులు రష్యాలోని సరాతోవ్ నుండి, స్లొవాకియా నుండి, చైనా నుండి రావలెను. అవి తపాలాలో వచ్చినవి. స్పీకరుకు ముందుండే ట్రాన్స్‌ఫార్మరును మాత్రం మోటారు వైండింగు దుకాణంలో కూర్చుండి ఆయనే చుట్టినారు. వెంట్రుకవంటి రాగితీగ, వేల చుట్లు. లెక్క తప్పి రెండుసార్లు విప్పి మళ్లీ చుట్టినారు. వోల్టేజీ హెచ్చుతగ్గులకు మోటార్లు కాలే ఊళ్లలో, ఆ కాలిన మోటార్లే చేతికి ఈ విద్య నేర్పినవి.

పెట్టె పలికిన మొదటి రాత్రి మూడు తీగలు మీటి నేను ఆగిపోయినాను. ఆ ధ్వనిలో ఒక నిండుదనం ఉన్నది. దానికి మంత్రమేమీ లేదు, కారణమున్నది. వాల్వును కొంచెం గట్టిగా నడిపితే అది తరంగపు కొసను కత్తితో కోసినట్లు కోయదు, మెల్లగా గుండ్రన చేస్తుంది. అట్లు చేసేటప్పుడు అసలు స్వరానికి రెట్టింపు కంపనం గల స్వరం ఒకటి తోడై పుట్టుతుంది. షడ్జమం మీటితే పైస్థాయి షడ్జమం తోడు వస్తుందన్నమాట. దానికి మీద పంచమం లీలగా వినిపిస్తుంది. తంబుర మెట్టుమీద తీగ క్రింద సన్నని దారం పెట్టి మన పెద్దలు సాధించిన నిండుదనం కూడ ఇట్టి తోడు స్వరాలదే.

5 వాట్లు చాలునా అని అడుగుతారు. ఇంటికి అవే ఎక్కువ. శక్తి పదిరెట్లు పెరిగితేగాని చెవికి ధ్వని రెండింతలుగా తోచదు. 50 వాట్ల పెట్టె దీనికి రెట్టింపు మాత్రమే. ఆ మాట తెలియక మొదటి వారం మీటను పూర్తిగా త్రిప్పినాను. ప్రక్క ఇంట పదవ తరగతి పరీక్షకు చదువుకొంటున్న అమ్మాయి గోడ దగ్గరికి వచ్చి, ఏమీ అనక నిలుచున్నది. ఆ మౌనం చాలినది. నాటినుండి రాత్రి 8 గంటలు దాటితే పెట్టె పలుకదు. ఇంటిలో వాయించే వాద్యానికి మొదటి శ్రోత పొరుగువారే.

దోషాలు కూడ చెప్పకపోతే మాట అబద్ధమవుతుంది. 5 వాట్ల ధ్వనికి ఈ పెట్టె 30 వాట్లకు పైగా కరెంటు త్రాగుతుంది; మిగిలినదంతా వేడి. బరువు ఎక్కువ. వాల్వులు అరుగుతవి. నేడు అరచేతిలో ఇమిడే యంత్రాలు ఇదే ధ్వనిని చాలావరకు అనుకరిస్తున్నవి. కన్నులు మూసుకొని వింటే నేనే పొరబడవచ్చును. కాబట్టి ఇదే శ్రేష్ఠమని నేను వాదించను. కాని ఈ పెట్టె మూత తీస్తే లోపలి ప్రతి తీగ ఎక్కడ పుట్టి ఎక్కడ చేరుతున్నదో కంటికి కనబడుతుంది. చెడితే చేతితో బాగు చేయవచ్చును. మనం వాడే వస్తువులలో ఇట్లు చెప్పదగినవి నేడు ఎన్ని?

ఇక నేను ఈ వ్యాసం వ్రాయడానికి అసలు కారణం. ఒక ఆదివారం ఇంటరు చదివే మా విద్యార్థి ఒకడు వచ్చినాడు. పెట్టె వెనుక పలక తీసి ఉన్నది. ప్లగ్గు పీకి ఉన్నది. దీపాలు ఆరినవి గదా అని వాడు లోపలికి వ్రేలు చాచినాడు. ప్రక్కన కూర్చున్న మా అన్న మెరుపువలె వాని మణికట్టు పట్టుకొన్నారు. “దీపం ఆరింది గని కరెంటు ఆరలేదు బిడ్డా!” అన్నారు. కండెన్సరులో 300 వోల్టులకు పైగా నిలువ ఉంటుంది. మనిషిని చంపడానికి అది చాలును. ఆయన ఎడమచేతిని వెనుకకు పెట్టుకొని, కుడిచేతితో ఒక రెసిస్టెన్సును ఆనించి, ఆ నిలువను మెల్లగా దించి, మీటరుతో కొలిచి సున్న చూపించినారు. ఒక్క చేయి ఎందుకు? రెండు చేతులు తాకితే ప్రవాహం గుండె మీదుగా పోతుంది.

వాడు భయపడి పారిపోతాడనుకొన్నాను. “ఇది ఏ పుస్తకంలో ఉన్నది సార్?” అని నన్నడిగినాడు. నాకు జవాబు లేదు. తెలుగులో అటువంటి పుస్తకం నా చేతికి ఎన్నడూ రాలేదు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి ఎన్నో శాస్త్రపదాలను తెలుగు చేసినది. మా అన్న మాటలు మాత్రం దుకాణం దాటి ఎన్నడూ కాగితమెక్కలేదు. ఆయన కళ్లకు పొర కమ్ముతున్నది. టంకం వేసేటప్పుడు చేయి వణుకుతున్నది. ఆయన కుమారులు నగరంలో వేరు ఉద్యోగాలలో ఉన్నారు. ఆ చేయి ఆగితే దానితో ఎంత పోతుందో ఆ క్షణాన నాకు తెలిసినది. నలభై ఏండ్ల విద్య ఒక మనిషి మణికట్టులో మాత్రమే ఉన్నది.

ఆ రోజునుండి మేము ముగ్గురం ఆదివారాలు కూర్చుంటున్నాము. ఆయన చెప్పుతారు, పిల్లవాడు చేస్తాడు, నేను వ్రాస్తాను. కండెన్సరును కండెన్సరనియే వ్రాసినాను. వైండింగును వైండింగనియే ఉంచినాను. జనం నోట నిలిచిన మాటను తీసి పండితుని మాటను పెట్టితే మెకానిక్కుకు అర్థం కాదు, పండితునికి అక్కర లేదు. మొదటి పుటలో మాత్రం ఆయన మాటనే పెద్ద అక్షరాలతో వ్రాసినాను: దీపం ఆరినది గాని కరెంటు ఆరలేదు.

ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి ఇంతే. మీ ఊరిలోనూ ఇట్టివారు ఉంటారు. మగ్గం గుంటలోనో, కొలిమి ముందరనో, మోటారు వైండింగు దుకాణంలోనో కూర్చుండి ఉంటారు. ఒక విద్యార్థిని, ఒక నోటుపుస్తకాన్ని తీసుకొని వారివద్దకు పొండు. ఆలస్యం చేయకుడు.

గత ఆదివారం 6వి6 వాల్వు నీరసించినది. పిల్లవాడు ఎడమచేతిని వెనుకకు పెట్టుకొని, నిలువ దించి, మీటరు చూచి, క్రొత్తది తొడిగినాడు. మా అన్న చేతులు ఒడిలో పెట్టుకొని చూస్తూ కూర్చున్నారు; ఒక్క మాట కూడ అనలేదు. మీట త్రిప్పిన తరువాత నేను తొందరపడి గిటారు అందుకొన్నాను.

“వేడెక్కనీయుండ్రి సార్” అన్నాడు పిల్లవాడు.