శ్రమను చూసిన కవి, శ్రమ చేసిన కవి: వైజాగ్ చెప్పే రెండు కథలు

ఈ ఎపిసోడ్‌లో ఒకటే ప్రశ్న. కార్మికుడి గురించి రాయాలంటే కార్మికుడే అయి ఉండాలా? దీనికి జవాబు వెతకాలంటే వైజాగ్‌కే రావాలి. ఎందుకంటే ఈ ఊళ్లో రెండు రకాల కవులూ ఉన్నారు.

ముందు శ్రీశ్రీ. 1910లో విశాఖపట్నంలోనే పుట్టారు. మద్రాసులో జువాలజీ బీఏ చేశారు. తిరిగొచ్చి, తాను చదివిన ఏవీఎన్ కాలేజీలోనే డిమాన్‌స్ట్రేటర్‌గా పనిచేశారు. అంటే లేబరేటరీలో ఉద్యోగం, రేవులో మూటలు మోసే పని కాదు. 'మహాప్రస్థానం' కవితల్లో ఎక్కువ భాగం 1930ల్లో రాసినవే. పుస్తకంగా వచ్చింది మాత్రం 1950లో, చలం ముందుమాటతో.

ఇప్పుడు ఆ 1930ల్లో ఊరు ఎలా ఉందో చూడండి. డాల్ఫిన్స్ నోస్ పక్కన చిత్తడి నేలని తవ్వి హార్బర్ కడుతున్నారు. అలల్ని ఆపడానికి రెండు పాత ఓడల్ని సముద్రంలో ముంచి అడ్డుకట్ట వేశారు. 1933లో పోర్టు మొదలైంది. పోర్టు వల్లే ఈ కవితలు పుట్టాయని నేను అనడం లేదు. ప్రపంచమంతా ఆర్థిక మాంద్యం, ఆకలి, నిరుద్యోగం ఉన్న రోజులవి. కానీ ఒక ఊరు మనుషుల చేతుల మీదుగా లేవడం ఆ కుర్రాడి కళ్ల ముందే జరిగింది. అది చిన్న విషయం కాదు.

అప్పటిదాకా తెలుగు కవిత్వంలో హీరోలు దేవుళ్లు, రాజులు. తర్వాత భావకవుల ప్రేయసి, వెన్నెల. శ్రీశ్రీ ఆ కుర్చీలో కూలివాణ్ని కూర్చోబెట్టారు. 'ప్రతిజ్ఞ' చదవండి, అందులో కథానాయకుడు చెమటోడ్చే మనిషే. 'దేశ చరిత్రలు'లో అయితే చరిత్ర పుస్తకాన్నే నిలదీశారు, పని చేసినవాళ్లెవరు అని.

కానీ ఒక చిక్కుంది. భాష. ఆ పెద్ద పెద్ద సంస్కృత సమాసాల్ని రేవులో కలాసీకి ఎవరో ఒకరు విప్పి చెప్పాలి. పైకి చదివితే దరువు గుండెకి తగులుతుంది, నిజమే. అర్థం మాత్రం ఒక్కోసారి నిఘంటువు దగ్గర ఆగిపోతుంది.

ఇక్కడే రెండో మనిషి వస్తారు. వంగపండు ప్రసాదరావు. 1943లో పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టారు. వైజాగ్ షిప్‌యార్డ్‌లో ఉద్యోగం చేశారు. మల్కాపురం పక్కన 'సింధియా' అని ఒక ఏరియా ఉంది కదా? ఆ పేరు ఈ షిప్‌యార్డ్ మొదలుపెట్టిన సింధియా కంపెనీదే. 1948లో నెహ్రూ చేతుల మీదుగా 'జల ఉష' ఓడ నీళ్లలోకి దిగింది ఇక్కడి నుంచే.

వంగపండు యంత్రం మీద కట్టిన పాట ఎంతో పేరు తెచ్చుకుంది. అసలు యంత్రం ఎలా నడుస్తుంది అన్నదే ఆ పాట మొదటి మాట. గమనించండి, అది బయట నిలబడి ఆశ్చర్యపోయేవాడి ప్రశ్న కాదు. డ్యూటీలో చేతులకి గ్రీజు అంటించుకునేవాడి ప్రశ్న. జవాబు కూడా వాడి దగ్గరే ఉంది.

ఇంకోటి, ఆయన యాస దాచుకోలేదు. 'వెళ్దాం' అని దిద్దుకోకుండా 'ఎల్దాం' అనే పాడారు. ఉత్తరాంధ్ర యాసని సినిమాల్లో కామెడీకి వాడుకోవడం మనకి తెలుసు. అదే యాసలో ఆయన 'ఏం పిల్లడో' పాట కడితే జనం నవ్వలేదు, వెంట నడిచారు. 1986లో 'అర్ధరాత్రి స్వాతంత్ర్యం' సినిమాలోనూ ఆ పాట మోగింది. 2020లో ఆయన వెళ్లిపోయారు. పాట ఉండిపోయింది.

మరి మన ప్రశ్నకి జవాబేంటి? కార్మికుడు కాకపోయినా రాయొచ్చు, శ్రీశ్రీ రాసి చూపించారు. కానీ కార్మికుడు తన నోటితో పాడినప్పుడు ఇంకొకటి దొరుకుతుంది: పని లోపలి సంగతులు, పనివాళ్ల మాట. శ్రీశ్రీ సాహిత్యం తలుపు తెరిచారు. వంగపండు ఆ తలుపులోంచి డ్యూటీ బూట్లతోనే లోపలికి నడిచారు.

ఇది పాత కథేం కాదు. 1966 ఉద్యమంలో పుట్టిన 'విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు' నినాదం చూడండి. 2021 జనవరిలో ప్లాంట్‌ని ప్రైవేటుకి ఇవ్వాలని కేంద్రం నిర్ణయించగానే గాజువాక రోడ్ల మీద మళ్లీ వినిపించింది. ఉక్కు, హక్కు. రెండు మాటలు, ఒక ప్రాస. యాభై ఏళ్లు దాటినా ఎవరూ మర్చిపోలేదు.

కాబట్టి మీ ఇంట్లో ఎవరైనా సీ షిఫ్ట్ చేసి తెల్లారి వస్తుంటే, వాళ్లు మాట్లాడే పని మాటలు ఒక ఐదు ఫోన్‌లో రాసిపెట్టుకోండి. యాస దిద్దకండి. రేపు కవిత రాసినా రాయకపోయినా, ఆ మాటలు మనవి.