వార్తల్లో పదం: సిల్వోపాశ్చర్

చెట్లు, పచ్చిక, పశువులు ఒకే నేలలో కలిసి పెరిగే సేద్యాన్ని సిల్వోపాశ్చర్ అంటారు. గట్టున నాలుగు తుమ్మచెట్లు ఉన్నంత మాత్రాన ఆ పేరు చెల్లదు. మూడూ ఒకదానికొకటి పనికొచ్చేలా లెక్క చూసుకుని నాటాలి.

కొలంబియాలోని కౌకా లోయ రైతులు హెక్టారుకు 10,000కు పైగా సుబాబుల్ మొక్కలను వరుసల్లో నాటి, మధ్యలో గడ్డి పెంచుతారు. మన దగ్గర కాగితం మిల్లులకు వెళ్లే ఆ సుబాబులే అక్కడి ఆవులకు మాంసకృత్తుల మేత. పప్పుజాతి మొక్క కనుక వేళ్ల బుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి నిలుపుతాయి. యూరియా ఖర్చు తగ్గుతుంది. పెద్ద చెట్ల నీడలో పశువుకు ఎండబాధ తక్కువ, మేసే సమయం ఎక్కువ. మందను ఒకచోటే ఉంచరు. మేసిన మడికి కొన్ని వారాలు విరామమిచ్చి మరో మడికి తోలతారు.

చిక్కూ ఉంది. సుబాబుల్ ఆకులోని మైమోసిన్ ఎక్కువైతే పశువుల వెంట్రుకలు రాలతాయి. దాన్ని విరిచే బ్యాక్టీరియా హవాయి మేకల పొట్టలో ఉందని గమనించిన ఆస్ట్రేలియా శాస్త్రవేత్త రేమండ్ జోన్స్, 1980ల్లో దాన్ని తమ దేశపు పశువులకు అందించారు. నన్నడిగితే అంతకంటే కష్టం, మొదట్లో లేతమొక్కలను మేకల నోటబడకుండా కాపాడుకోవడం.