మోకాలి నొప్పా? తుంటి బలం చూసుకోండి!

ఆషాఢ పౌర్ణమి దగ్గర పడుతోందంటే విశాఖలో సింహాచలం గిరి ప్రదక్షిణ సందడి మొదలవుతుంది. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి అడవివరం, హనుమంతవాక, ఎన్‌ఏడీ మీదుగా కొండ చుట్టూ 32 కిలోమీటర్ల నడక. ఆ తర్వాత మోకాళ్ల నొప్పులతో ఆసుపత్రికి వచ్చేవారిలో నలభై దాటనివారూ ఉంటారు. ‘గుజ్జు అరిగిపోయిందేమో.. ఇక నడక మానెయ్యాలేమో’ అన్నదే వాళ్ల భయం. ఈ వయసువారిలో చాలాసార్లు చిక్కు మోకాలికి పైన, తుంటి దగ్గర మొదలవుతుంది.

ఎందుకిలా?

నడకలో ప్రతి అడుగుకీ కాసేపు ఒంటికాలి మీదే నిలబడతాం. అప్పుడు నడుము ఒక పక్కకు ఒరగకుండా, తొడ లోపలికి వాలకుండా పట్టి ఉంచేది పిరుదు పక్కనుండే ‘గ్లూటియస్ మీడియస్’ కండరం. పొట్ట, నడుము కండరాలు దీనికి తోడుంటాయి. గంటల తరబడి కూర్చునే జీవనశైలితో ఇవి బలహీనపడతాయి. అప్పుడు తొడతో పాటే మోకాలూ లోపలికి వాలుతుంది. మోకాలి చిప్ప గాడిలో సాఫీగా కదలక, ఒక పక్క ఒత్తిడి పెరుగుతుంది. మెట్లు దిగేటప్పుడు, గొంతుక్కూర్చుని లేచేటప్పుడు చిప్ప చుట్టూ నొప్పి పుడుతుంది.

ఇంట్లోనే పరీక్ష

అద్దం ముందు కుర్చీ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడి, మోకాలిని కొద్దిగా వంచండి. అది పాదం రెండో వేలికి సూటిగా ఉండాలి. బొటనవేలు దాటి లోపలికి పోయినా, నడుము పక్కకు కుంగినా తుంటికి బలం చాలడం లేదని అనుమానించాలి.

ఇవి చేయండి

• పక్కకు తిరిగి పడుకుని, పైకాలిని తిన్నగా ఎత్తి దించాలి.
• వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, పిరుదులు పైకెత్తి 5 సెకన్లు ఆపాలి.
• చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవాలి. మోకాళ్లు దగ్గరకు రాకూడదు.
• మోచేతుల మీద ప్లాంక్ 10 సెకన్లతో మొదలుపెట్టాలి.

మొదటి మూడూ పదేసి సార్లు, రెండు విడతలు, వారానికి మూడు రోజులు. నొప్పి పెరిగితే ఆపెయ్యాలి. గుజ్జు అరిగినవారికీ కండరాల బలం మేలే చేస్తుంది. కాకపోతే ఫిజియోథెరపిస్టు సలహాతో చేయాలి.

ఇలా ఉంటే ఆలస్యం వద్దు

మోకాలు వాచినా, ఎర్రబడి జ్వరం వచ్చినా, కీలు పట్టేసినా, దెబ్బ తగిలి కాలు మోపలేకపోయినా వెంటనే డాక్టర్‌ను కలవాలి. సొంతంగా రోజుల తరబడి నొప్పి మాత్రలు మింగితే కడుపులో పుండ్లు, కిడ్నీ సమస్యలు రావచ్చు.

కండరం బలపడటానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. అప్పన్న చందనోత్సవం నాడు మొదలుపెడితే, గిరి ప్రదక్షిణ నాటికి రెండు నెలలు చేతిలో ఉన్నట్టే!