మీకు తెలుసా? మైగ్రేన్ స్కాన్‌లో తెల్ల చుక్కలు

నానక్‌రామ్‌గూడ ఐటీ ఆఫీసులో పనిచేసే అమ్మాయి తలనొప్పికి ఎంఆర్‌ఐ తీయించుకుంటే, రిపోర్టులో ‘వైట్ మ్యాటర్ హైపర్‌ఇంటెన్సిటీస్’ అని ఉండొచ్చు. ఫిల్ములో గుండుసూది తలంత తెల్ల చుక్కలు. చూడగానే గుండె జారుతుంది, పాపం! మైగ్రేన్ ఉన్నవాళ్లలో ఇవి ఎక్కువే. నెదర్లాండ్స్‌లో తొమ్మిదేళ్ల ఎడంతో రెండుసార్లు స్కాన్ తీసి, 2012లో ఫలితాలు ప్రకటించారు. మైగ్రేన్ ఉన్న ఆడవాళ్లలో 77 శాతం మందికి చుక్కలు పెరిగాయి. లేనివాళ్లలోనూ 60 శాతం మందికి పెరిగాయి. అయితే చుక్కలు ఎక్కువున్నవాళ్ల జ్ఞాపకశక్తి, ఆలోచన మిగతావాళ్లకంటే మందగించలేదు. ఇదే అసలు ఊరట. మైగ్రేన్‌ను తేల్చేది స్కాన్ కాదు, మీరు చెప్పే లక్షణాలే. ఉన్నట్టుండి భరించలేని నొప్పి వచ్చినా, చెయ్యో మాటో పడిపోయినా మాత్రం వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.